పద్యం మధ్యలో మూగబోతున్న మైకులు
లోపం సెట్టులో కాదు, వైర్లలో, వోల్టేజీలో!

శ్రీరామనవమి పందిళ్లలో, జాతరలలో పద్యనాటకం ఆడించే గ్రామాలు ఇంకా వున్నాయి. అయితే రాయబారం సీను పట్టుమీద వుండగా హారన్లు గుర్రుమని ఆగిపోవడం, జనం ఈలలు వేసి లేచిపోవడం పలుచోట్ల పరిపాటి అయింది. ఇలా జరిగినప్పుడల్లా సెట్టు పాతదైందని, వచ్చే ఏడు పెద్దది తెప్పించాలని ఉత్సవ కమిటీలు తీర్మానిస్తున్నాయి. తీరా పెద్ద సెట్టు వచ్చాక కూడా అదే తంతు.

అసలు చిక్కు చాలాసార్లు కరెంటుతోనే మొదలవుతున్నది. సరఫరా 230 వోల్టులు వుండాలి. గుడి ఊరి చివర, ట్రాన్స్‌ఫార్మరు ఇంకో చివర. పందిరి దీపాలు, సీరియల్ బల్బులు, మైకుసెట్టు అన్నీ ఒకే సన్నని వైరు మీద! దీపాలు వెలిగేసరికి వోల్టేజీ పడిపోతుంది, ఆంప్లిఫయరు బలం తగ్గుతుంది. శబ్దం చాలడం లేదని ఆపరేటరు వాల్యూం తిప్పుతాడు. గొంతు పగిలినట్లు వినిపిస్తుంది. ఆ పగిలిన శబ్దమే స్పీకరు కాయిల్‌ను వేడెక్కించి కాల్చేస్తుంది. సన్నని స్వరాలు పలికే చిన్న యూనిట్లు ముందు పోతాయి. పెద్ద ఆంప్లిఫయరు మాత్రమే స్పీకర్లను కాలుస్తుందనేది అపోహ. శక్తికి మించి తిప్పిన చిన్నదీ కాలుస్తుంది.

రెండవది లెక్క తప్పడం. 8 ఓముల పెట్టెలు రెండు పక్కపక్కన కలిపితే భారం 4 ఓములు, నాలుగు కలిపితే 2 ఓములు. చాలా ఆంప్లిఫయర్లు 4 ఓములకు దిగువ భారాన్ని మోయలేవు. పక్క వీధివారు కూడా వినాలని మరో రెండు పెట్టెలు తగిలిస్తే సెట్టు వేడెక్కి ఆగుతుంది. చల్లారాక మళ్లీ పలుకుతుంది. దానంతటదే బాగయిందని సంతోషించడం కద్దు! ఊరంతా కట్టే హారన్లకు 100 వోల్టుల లైను పద్ధతి వేరు. అక్కడ హారన్ల వాట్లన్నీ కలిపి ఆంప్లిఫయరు వాట్లకు మించరాదు.

ఏది చెడిందో తేల్చడానికి పట్నం మెకానిక్కే రానక్కరలేదు. సెట్టు ఆపి, పలుకుతున్న పెట్టె వైరును పలకని పెట్టెకు మార్చి చూడాలి. పలికితే స్పీకరు మంచిదే, తప్పు వైరుది. పలకకపోతే స్పీకరు వైర్లు పూర్తిగా విప్పి, లోపలి కొసలకు టార్చి సెల్లు తాకించాలి. ‘టక్’ మంటే కాయిల్ తెగలేదన్నమాట. ఒకేసారి నాలుగు వైర్లు పీకి చూస్తే మాత్రం ఉన్న ఆచూకీ పోతుంది.

వీటన్నిటికంటె ఆందోళన కలిగించేది ఎర్తింగు. సెట్టు ‘గుయ్’మంటున్నదని ప్లగ్గు ఎర్తు పిన్ను విరిచేసే అలవాటు కొందరికి వున్నది. మోత తగ్గవచ్చు. కాని సెట్టులో షార్టు అయితే ఆ కరెంటు మైకు స్టాండుదాకా వస్తుంది. చెమటతో తడిసిన చేతులతో దాన్ని పట్టుకునేది నటుడు. పోయిన ఫ్యూజు చోట లావుపాటి రాగితీగ చుట్టడం కూడా ఇలాంటిదే.

కాలం కూడా కలిసిరావడం లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటాక ఆరుబయట మైకులు వాడరాదు. ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అర్ధరాత్రి వరకే, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. తెల్లవార్లూ ఆడే రోజులు కావివి. మైకు కోసం అరగంట పోతే నాటకంలో అరగంట కోతే. గొంతుతోనే చివరి వరుసదాకా వినిపించిన నటుల తరం కూడా గడిచిపోయింది.

కమిటీల ధోరణి చూస్తే దీపాల అలంకరణకు పోటీ, మైకు దగ్గర బేరం. సెట్టు పొద్దుగూకాక వస్తుంది. పరీక్ష అంటే ‘హలో, హలో’ అనడమే. దీపాలన్నీ వెలిగించి, మైకులన్నీ తెరిచి పావుగంట పలికిస్తే లోపాలు చాలావరకు నటులు రంగు పూసుకోకముందే బయటపడతాయి. సెట్టుకు ట్రాన్స్‌ఫార్మరు వైపు నుంచి విడిగా లావు వైరు వేయించడానికి అయ్యే ఖర్చు, కాలిన యూనిట్లు మార్చే ఖర్చుతో పోలిస్తే పెద్దదేమీ కాదు. నాటకం రక్తి కట్టలేదని చివరికి పారితోషికంలో కోత పడేది మాత్రం వైర్లతో ఏ సంబంధమూ లేని కళాకారులకే.