ఛాయాగ్రాహకుని ఋణము

2024 జూలై 17వ తేదీ రాత్రి పల్నాటి సీమలోని వినుకొండ నడివీధిలో, జనము తిరుగాడుచున్న వేళ, ఒక యువకుని కత్తితో నరికి చంపుచుండగా, చుట్టునున్నవారిలో కొందరు సెల్‌ఫోనులెత్తి ఆ ఘోరమును చిత్రించిరి. అది గడియలలో రాష్ట్రమంతటను చుట్టివచ్చెను. చిత్రించిన చేయి అడ్డుపడి యుండరాదా యను ప్రశ్న అప్పుడు పుట్టినది. ప్రశ్న న్యాయమైనదే, కాని అడిగినవారిలో పెక్కురు ఆ వీడియోను రెండుమారులు చూచి మరీ అడిగినవారు!

ఈ నింద మనకు క్రొత్తది కాదు. 1876-78లో కర్నూలు, కడప మండలములను మాడ్చివేసిన మద్రాసు రాజధాని కరవులో, సైనికాధికారియగు విల్లోబీ హూపర్ అస్థిపంజరప్రాయులైన క్షుద్బాధితులను గుంపులుగా కూర్చుండబెట్టి బొమ్మలు తీసెను. కరవు తీవ్రతకు అవి తిరుగులేని సాక్ష్యములనుట యెంత నిజమో, కూర్చుండు ఓపికయైన లేనివారిని కెమెరా కొఱకు అమర్చుటయు నంతే నిజము. ఆయనయే 1886లో బర్మాలోని మాండలేలో, మరణశిక్షల అమలులో అధికారిగా నుండి, గుండు తగులు క్షణమే ఫలకముపై పడవలెనని యంత్రమును సిద్ధపరచుకొని, విచారణ పాలయ్యెను. ఇచట దోషము స్పష్టము: చిత్రము కొఱకు పరుల యాతనను వాడుకొనుట.

పల్నాటి విలేఖరి సంగతి వేఱు. కత్తి యెదుట వట్టి చేతులతో దూకుమని మాచర్లలోనో గురజాలలోనో లైన్ అకౌంటు మీద, అనగా అచ్చయిన పంక్తుల లెక్కన వచ్చు డబ్బుతో, బ్రతుకు కంట్రిబ్యూటరుకు చెప్పుటకు నాకు నోరు రాదు. ఏలయన నిందితుని బంధువులు అతని వీధిలోనే యుందురు; అతని పిల్లలు వారి పిల్లలతోనే బడికి పోవుదురు. కేకలు వేయుట, పోలీసులకు ఫోను చేయుట, దాడి ఆగిన వెంటనే గాయపడినవానిని ఆటోలో నెక్కించుట, ఇంతవరకు అతని విధి. ఇంతకన్న గడ్డు విధి, ఆ బొమ్మకు సాక్షిగా నిలుచుట, బొమ్మ తీసిన తరువాత వచ్చును.

2024 మే 13న, పోలింగునాడు, మాచర్ల నియోజకవర్గములోని పాల్వాయి గేటు పోలింగు కేంద్రములో ఓటింగు యంత్రమును నేలకు కొట్టిన దృశ్యమును పట్టియిచ్చినది వెబ్‌కాస్టింగ్ కెమెరా. దానికి ఇరుగుపొరుగు లేదు, వెఱపు లేదు. మనిషి తీసిన బొమ్మ అట్టిది కాదు. అదే సంవత్సరము జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము, 63వ సెక్షనులో, ఎలక్ట్రానిక్ సాక్ష్యమునకు ధ్రువపత్రమును కోరుచున్నది. దానిపై, నిపుణునితో బాటు, ఆ పరికరము ఎవరి అధీనమున నున్నదో వారును సంతకము చేయవలెను. వేలమంది ఫార్వర్డు చేసిన వీడియోకు అట్టి సంతకము చేయువాడొక్కడు దొరకుట కష్టము. సాక్షులు అడ్డము తిరుగుట వాడుకయైన సీమలో, మూలచిత్రము చెఱపక దాచి, బోనెక్కి ‘ఇది నేను తీసినదే’ యని పలికిన ఛాయాగ్రాహకుడు, ఆనాడు అడ్డుపడలేకపోయిన ఋణమును చాలవరకు తీర్చుకొన్నవాడే యని నా అభిప్రాయము.

అయితే ఆ మాట పలుకుట అతనియొక్కని ధైర్యమునకే వదలివేయుట అన్యాయము. ఆ బొమ్మను మొదటి పుటలో వేసికొని ప్రతులమ్ముకొన్న యాజమాన్యము అతనికి వకీలును పెట్టి, నరసరావుపేట కోర్టు వాయిదాలకు పోయిన దినములకు భత్యము కట్టియిచ్చి, ఊరిలో నిలువనీడ లేనప్పుడు మరియొక కేంద్రమునకు మార్చవలెను.