తీరిక వేళ గీతలు: కొబ్బరి వరుస ఎక్కడ కలుస్తుంది?

ఈ వారం ఉత్తరాల్లో ఒకటి పలాస పక్క ఉద్దానం పల్లె నుంచి వచ్చింది. రాసిన సోదరి తన పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు. సంగతి ఇదీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు వాళ్ల కొబ్బరితోట దాదాపు అంతా నేలకొరిగింది. మామగారు మళ్లీ మొక్కలు నాటారు, అవి ఎదుగుతున్నాయి. కానీ పాత తోటది చెప్పుకోదగ్గ ఫొటో ఒక్కటీ ఇంట్లో లేదు. ఆయన చెబుతుంటే విని, ఏడో తరగతి చదివే మనవరాలు ఆ తోట బొమ్మ వేసిందట. ఆయన కాసేపు చూసి, "చెట్లన్నీ ఉన్నాయమ్మా, తోటే లేదు" అన్నారట. పిల్ల చిన్నబుచ్చుకుంది. "మా మావయ్యగారికి కళ్లు బాగా కనిపిస్తున్నప్పుడే ఈ బొమ్మ సరిగ్గా వేసి గోడకు తగిలించాలని ఉంది. తప్పెక్కడుందో చెప్పండి" అని ఆవిడ అడిగారు.

బొమ్మ కూడా పంపారు. గీత శుభ్రంగా ఉంది, మట్టలు ముచ్చటగా ఉన్నాయి. పిల్ల చేతిలో లోపమేమీ లేదు. అయితే చెట్లన్నీ ఒకే ఎత్తు, మధ్య ఖాళీలన్నీ ఒకే కొలత, మొదళ్లన్నీ ఒకే గీత మీద! దువ్వెన పళ్లలా నిలబడ్డాయి. తోటలోకి నడిచి వెళ్లడానికి దారే లేదు. ఆ పెద్దాయన అన్నది అదే. ఈ దారి చూపించే విద్యనే పర్‌స్పెక్టివ్ అంటారు. దానికి కావలసినవి రెండే: ఒక గీత, ఒక చుక్క.

ముందు గీత సంగతి

ఆ గీత పేరు క్షితిజ రేఖ. పేరు చూసి బెదరకండి, అది మీ కంటి మట్టమే. వంటింట్లోనే తెలుసుకోవచ్చు. ఒక స్టీలు గ్లాసు తీసుకుని నడుము ఎత్తున పట్టుకోండి. మూతి గుండ్రంగా, లోపలంతా కనిపిస్తుంది. మెల్లగా పైకి లేపండి. గుండ్రం కాస్తా కోడిగుడ్డులా నొక్కుకుపోతుంది, ఇంకా సన్నబడుతుంది. సరిగ్గా కంటికి ఎదురుగా వచ్చేసరికి మూతి ఒక్క గీతైపోతుంది! అదే మీ కంటి మట్టం. ఇంకా పైకెత్తితే గ్లాసు అడుగు కనిపించడం మొదలవుతుంది. అటకమీది డబ్బాల అడుగులు, పొయ్యి గట్టు మీది గిన్నెల లోపలి భాగాలు మనకు కనిపించేది అందుకే.

ఈ మట్టం ఎక్కడో దూరాన స్థిరంగా ఉండేది కాదు, మీతోపాటే కదులుతుంది. పీట మీద కూర్చుంటే దిగుతుంది, మేడెక్కితే పైకి వస్తుంది. బారువ తీరానికో, భావనపాడు తీరానికో వెళ్లినప్పుడు ఒకసారి గమనించండి. సముద్రం ఆకాశాన్ని తాకే గీత మీరు నిలబడినా, ఇసుకలో చతికిలబడినా మీ కంటికి ఎదురుగానే ఉంటుంది. కన్ను నేలకు 5 అడుగుల ఎత్తున ఉన్న మనిషికి ఆ గీత సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఎత్తు పెరిగితే మరింత దూరం కనిపిస్తుంది. లైటు హౌసును ఎత్తుగా కట్టడంలో కిటుకు కూడా అదే!

ఇంకో మంచి పరీక్ష. చదునైన ఒడ్డు మీద మీరు నిలబడి చూస్తుంటే, మీ ఎత్తున్న మనిషి వల దగ్గర నిలుచున్నా, దూరాన పడవ పక్కన నిలుచున్నా, ఆ సముద్రపు గీత ఆయన కళ్ల మీదుగానే పోతుంది. మనిషి చిన్నగా కనబడతాడు, కానీ కళ్లు మాత్రం గీత మీదే. మీరు కూర్చుని చూస్తే అదే గీత నిలబడ్డవాళ్ల నడుము మీదుగానో, ఛాతీ మీదుగానో పోతుంది. బొమ్మలో మనుషుల్ని ఎంత వేయాలో తెలియక తికమకపడేవాళ్లకు ఈ ఒక్క సూత్రం చాలు.

ఒక జాగ్రత్త. మందస వైపు నిలబడితే మహేంద్రగిరి కనిపిస్తుంది. 1,501 మీటర్ల కొండ అది. ఆ కొండ శిఖరాల అంచును క్షితిజ రేఖ అనుకోకండి. కొండ దాని ముందు అడ్డంగా నిలబడింది, అంతే. గీత ఎప్పుడూ కంటి మట్టంలోనే, కొండ పాదాల దగ్గరెక్కడో ఉంటుంది.

ఇక చుక్క సంగతి

నౌపడా నుంచి టెక్కలి మీదుగా గుణుపురం వెళ్లే రైలు మార్గం మీలో చాలామందికి తెలుసు. 1900లో పర్లాకిమిడి వరకు వేసిన ఆ చిన్న రైలు మార్గాన్ని తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, ఈ మధ్య కాలంలో బ్రాడ్‌గేజిగా మార్చారు. ప్లాట్‌ఫారం చివర నుంచి చూడండి (పట్టాల మీదికి మాత్రం దిగకండి, పిల్లల్ని దిగనివ్వకండి!). రెండు పట్టాల మధ్య దూరం ఎక్కడైనా ఒకటే. అయినా పోనుపోను దగ్గరై ఒక చుక్క దగ్గర కలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఆ చుక్కే వానిషింగ్ పాయింట్. మనం 'కలిసే చుక్క' అందాం. నేలమీద సమంగా పరుచుకున్న వరుసలు ఏవైనా కలిసేది కంటి మట్టపు గీత మీదనే. ఒకదానికొకటి సమాంతరంగా పోయేవన్నీ ఒకే చుక్కకు చేరతాయి.

దీన్నుంచి వచ్చే సూత్రం కంఠస్థం చేయండి: కంటికి కిందనున్నది పైకి ఎక్కుతుంది, కంటికి పైనున్నది కిందికి దిగుతుంది. మన శ్రీకాకుళం పల్లెల్లో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనించి వీధి పొడుగునా ఒకే వరుసగా ఉంటాయి కదా! వీధి మధ్యన నిలబడి చూస్తే అరుగుల అంచులు దూరం పోయేకొద్దీ పైకి లేస్తాయి, పెంకుల చూరు కిందికి వాలుతుంది. రెండూ వీధి చివర ఒకే చుక్కలో చేరతాయి. గుమ్మాలు, స్తంభాలు మాత్రం ఎప్పుడూ నిలువుగానే వేయాలి.

తోట వేసే విధానం

కావలసినవి: ఒక డ్రాయింగ్ షీటు, పెన్సిలు, రబ్బరు, స్కేలు, ఒక గుండుసూది, మూరెడు దారం, షీటు కింద వేయడానికి దళసరి అట్ట.

1. షీటు కింది నుంచి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున అడ్డంగా పలచని గీత గీయండి. ఇది కంటి మట్టం.

2. ఆ గీత మీద కుడివైపుగా ఒక చుక్క పెట్టి గుండుసూది గుచ్చండి. దానికి దారం కట్టండి. దారాన్ని ఎటు లాగి పట్టినా మీకు కావలసిన గీత దొరుకుతుంది.

3. చుక్కకు ఎడమగా 20 సెంటీమీటర్ల దూరంలో మొదటి చెట్టు. ఎంత పొడుగు? చెట్టు 50 అడుగులు, చూసేవారి కన్ను నేల నుంచి 5 అడుగులు అనుకుందాం. అంటే గీత చెట్టును పదో వంతు దగ్గర కోస్తుంది. చెట్టును 20 సెంటీమీటర్లు వేస్తే 2 సెంటీమీటర్లు గీతకు కింద, 18 పైన.

4. చెట్టు మొదలు నుంచి, నడిమి నుంచి, కొస నుంచి దారం పట్టి చుక్కకు మూడు గీతలు గీయండి. నడిమి అంటే మొదలుకూ కొసకూ సరిగ్గా మధ్య.

5. మొదటి చెట్టుకు 5 సెంటీమీటర్ల అవతల రెండో చెట్టు నిలపండి. మొదలు కింది గీతను, కొస పై గీతను తాకాలి. దాని పొడుగు 15 సెంటీమీటర్లు వస్తుంది.

6. అసలు కిటుకు ఇక్కడుంది. మొదటి చెట్టు కొస నుంచి రెండో చెట్టు నడిమి మీదుగా స్కేలు పెట్టి కిందికి గీయండి. ఆ గీత నేలగీతను ఎక్కడ తాకితే అక్కడ మూడో చెట్టు! రెండో చెట్టు కొస నుంచి మూడో చెట్టు నడిమి మీదుగా గీస్తే నాలుగోది. అలాగే ముందుకు.

సరిచూసుకోండి: చెట్ల మధ్య ఖాళీలు వరుసగా 5, 3, 2 సెంటీమీటర్లు రావాలి. పొడుగులు 20, 15, 12, 10. ప్రతి చెట్టులోనూ పదో వంతు గీతకు కిందే ఉంటుంది. ఇలా వస్తే మీ తోటలో చెట్లు నిజంగానే సమదూరంలో నాటినట్టు లెక్క. మన ఉత్తరంలోని పాప ఖాళీలన్నీ ఒకటే పెట్టింది, తోట చదునైపోయింది.

చుక్కకు అవతలి వైపు ఇంకో వరుస కావాలంటే, చెట్లు అదే పొడుగులతో, అవే మట్టాల్లో నిలపండి. అవీ అదే చుక్కకు చేరతాయి. మధ్యలో నడిచే దారి దానంతట అదే తెరుచుకుంటుంది. ఆ తర్వాత గీతల్ని చెరిపేసి, చెట్లను కొంచెం వంచండి. గాలికి పెరిగిన కొబ్బరి ఎక్కడా గుంజలా నిటారుగా నిలబడదు. కొన్నింటిని పొట్టి చేయండి. వరుసల నడుమ పనసో, జీడిమామిడో ఉండేదంటే వేయండి. మొదళ్లను మాత్రం కదపకండి.

ఒక ప్రశ్న ముందే అడగాలి

ఈ లెక్కంతా బాగానే ఉంది గానీ, గీత ఎక్కడ గీయాలో స్కేలు చెప్పదు. అది ఆ పెద్దాయన చెప్పాలి. "తాతయ్యా, మీకు తోట తలుచుకుంటే ఎక్కడి నుంచి చూస్తున్నట్టు ఉంటుంది?" అని పాపను అడగమనండి. బోరు దగ్గర నిలబడా? మధ్యాహ్నం భోజనం చేసి మంచం మీద కూర్చునా? చిన్నప్పుడు వాళ్ల నాన్న వెంట నడుస్తూనా? నిలబడి చూస్తే గీత 5 అడుగుల దగ్గర. మంచం మీద నుంచైతే మూడున్నర దగ్గర, అప్పుడు చెట్లు ఇంకా పైకి లేచినట్టుంటాయి. పసివాడి కంటితో చూస్తే ఆకాశాన్ని తాకుతాయి. చెట్లు అవే, తోట అదే. ఎవరి కళ్లతో చూస్తున్నామన్నది గీత చెబుతుంది. ఆయన చెప్పిన చోట గీత గీసి, ఆయన చేతనే చుక్క పెట్టించండి. ఇంటిల్లిపాదీ కలిసి వేసిన బొమ్మ అవుతుంది. పడిపోయిన చెట్టును ఏ బొమ్మా లేపి నిలబెట్టదు. కానీ ఆయన నడిచిన దారి ఆ పాపకు తెలుస్తుంది. అది తక్కువేమీ కాదు.

పెళ్లి ఫొటోల్లోనో, ఫోన్‌లోనో వెనకాల తోట కాస్త కనిపిస్తే పారేయకండి. ఒక గోడ అడుగు అంచు మీద, దాని పై అంచు మీద స్కేలు పెట్టి గీతలు పొడిగించండి. రెండూ కలిసినచోట చుక్క. ఆ చుక్క మీదుగా అడ్డంగా గీస్తే ఫొటో తీసినవారి కంటి మట్టం దొరుకుతుంది. చుక్క ఫొటో బయట పడితే కంగారుపడకండి, పాత పేపరు మీద ఫొటో అంటించి గీయండి. ఇల్లు మూల నుంచి కనిపిస్తుంటే రెండు గోడలకు రెండు చుక్కలుంటాయి. రెండూ గీత మీదే, కానీ బాగా ఎడంగా ఉండాలి. దగ్గరగా పెడితే ఇల్లు మూతి ముందుకు పొడుచుకొచ్చినట్టు వికారంగా ఉంటుంది.

అన్నట్టు, ఈ పద్ధతిని ఇటలీ దేశపు ఆల్బెర్టి 1435లోనే పుస్తకంగా రాశాడు. అలాగని ఇది లేని బొమ్మలన్నీ తప్పు బొమ్మలని కాదు సుమండీ! మన కాళహస్తి కలంకారీలో కలిసే చుక్క వెతికినా దొరకదు. అక్కడ దేవుడు పెద్దవాడు కాబట్టి పెద్దగా ఉంటాడు, అది వేరే లెక్క. ఏ బొమ్మకు ఏది కావాలో అది వాడుకోవాలి.

ఇక ఈ వారం ఇంటిపని. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారు చందమామకు వేసిన ముఖచిత్రాలు అటకమీద పాత సంచికల్లో ఉంటే దుమ్ము దులపండి. మూడు బొమ్మలు ఎంచుకుని, చూసే కన్ను ఏ ఎత్తున ఉందో వెతకండి. మనుషుల తలల్ని చూడండి, నేలను చూడండి, మెట్లుంటే మెట్ల అంచుల్ని చూడండి. గీత ఎక్కడుందో పెన్సిలుతో బొమ్మ మీద గీయకండి, పాడైపోతుంది. మీద దారం పెట్టి చూసుకుంటే చాలు.

వచ్చేవారం గుండ్రటి వస్తువులు: బిందె, చెంబు, బావి గట్టు. స్టీలు గ్లాసు దగ్గరే ఉంచుకోండి!