దయ్యం అబద్ధమాడవచ్చును, రచయిత్రి ఆడరాదు

ఈ నెల మా శీర్షికకు వస్తువు ఇచ్చినవారు మా పాఠకురాలే. సౌకార్‌పేటలో తరతరాలుగా స్థిరపడిన కుటుంబంలోని సోదరి ఒకరు తెలుగులో ప్రేమకథలు రాస్తున్నారట. అయితే ఆ కథల్లో నాయకుడు మామూలు మనిషి కాడు. ఒక కథలో చనిపోయినవాడు, మరొక కథలో గంధర్వుడు. ప్రచురణకర్తల గడప తొక్కకుండా తన ఖర్చుతో తానే పుస్తకం వెలువరించాలని ఆమె కోరిక. ఇంటి పెద్దలేమో, “దయ్యాలతో ప్రేమ ఏమిటి? నలుగురూ నవ్వరూ?” అంటున్నారట. “ఇటువంటివి రాయవచ్చునా? రాస్తే చదివేది ఎవరు?” అని ఆమె మమ్ము అడిగారు.

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం సులభం. పెద్దనగారు పదహారవ శతాబ్దంలోనే చెప్పిపోయారు. మనుచరిత్రలో వరూధిని ఎవరు? అప్సరస. ఆమె మనసుపడినది ఎవరిని? అరుణాస్పదపురంలో అగ్నిహోత్రం చేసుకునే గృహస్థును. మనిషికీ మనిషి కానివారికీ నడుమ పుట్టిన ప్రేమను మన ప్రబంధాల్లో తలమానికమని పండితులు పాఠం చెపుతున్నారు గదా! అంత దూరం పోనక్కరలేదనుకుంటే, 1964లో ఆదుర్తి సుబ్బారావుగారి ‘మూగ మనసులు’ వచ్చినప్పుడు ఆ గతజన్మ ప్రేమకథకు కన్నీరు పెట్టుకున్నవారు ఎవరు? ఈనాడు మనుమరాలిని కోప్పడుతున్న తాతయ్యలూ అమ్మమ్మలూ కారా? కనుక ఈ జాతి కథలో అగౌరవం ఏమీ లేదు. అది ఎట్లా రాశారన్నదే ప్రశ్న.

ఎట్లా రాయాలో కూడా ఆ ప్రవరుని కథలోనే ఉన్నది. సిద్ధుడు ఇచ్చిన పాదలేపం రాసుకొని ప్రవరుడు హిమాలయానికి పోయాడు. మంచునీటికి ఆ పసరు కరిగిపోయింది, తిరుగుదారి మూసుకుపోయింది. మాయకు కూడా ఒక కట్టుబాటు ఉన్నదన్నమాట. పసరు ఉన్నంతవరకే ప్రయాణం. ఆ కట్టుబాటు లేకపోతే అతడు వరూధిని కంట పడడు, కథే లేదు. పసరు కరిగినా ఎగిరిపోయాడని కవి రాసి ఉంటే మనం పుస్తకం మూసి పక్కన పెట్టేవాళ్లం. దయ్యం గోడలోంచి రాగలదని మొదటి ప్రకరణంలో చెప్పి, పదవ ప్రకరణంలో అదే దయ్యం తాళం వేసిన గదిలో చిక్కుకున్నదని రాస్తే పాఠకుడు క్షమించడు. అసాధ్యాన్ని నమ్మడానికి అతడు సిద్ధమే. నిన్న చెప్పిన మాట నేడు తప్పితే మాత్రం నమ్మడు.

ఇక రెండవ పాఠం ఇంకా సూక్ష్మమైనది. ప్రవరుడు కాదని వెళ్లిపోయాక, వరూధిని లోగడ తిరస్కరించిన గంధర్వుడు ప్రవరుని రూపు ధరించి వచ్చాడు. తనతో కూడిన వేళ కళ్లు మూసుకోవాలని షరతు పెట్టాడు. ఆమె మోసపోయింది. కాని కవి మనను మోసం చేయలేదు. వచ్చినవాడు ఎవరో మనకు ముందే తెలుసు. తెలిసి ఆమె కోసం బాధపడుతున్నాం. గంధర్వుడు నాయికకు అబద్ధం చెప్పవచ్చును, కవి పాఠకునికి చెప్పరాదు. ఈ తరహా కథలు రాసేవారు మరువరాని నియమం ఇదేనని మా అభిప్రాయం.

ఈ నియమం కథలోపలికే కాదు, పుస్తకం అమ్మే తీరుకు కూడా వర్తిస్తుంది. దీనికి అమెరికాలో ఒక మంచి ఉదాహరణ ఉన్నది. ఇంగ్లీషులో ఈ జాతి కథలను ‘పారానార్మల్ రొమాన్స్’ అంటారు. మిన్నెసోటా రాష్ట్రంలో ఆస్టిన్ అనే చిన్న ఊళ్లో అమాండా హాకింగ్ అనే యువతి వికలాంగుల సంరక్షణ గృహాల్లో పనిచేస్తూ, రాత్రులు ఇటువంటి నవలలు రాసేది. ప్రచురణ సంస్థలు ఆమె రాతప్రతులను వరుసగా తిప్పి పంపాయి. 2010 ఏప్రిల్‌లో ఆమె వాటిని ఈ-పుస్తకాలుగా తానే అమ్మకానికి పెట్టింది. చికాగోలో జరిగే ఒక బొమ్మల ప్రదర్శన చూసి రావడానికి దారిఖర్చులు వస్తే చాలునన్నది ఆనాటి ఆశ! వెల డాలరుకు ఒక సెంటు తక్కువ మొదలు మూడు డాలర్ల లోపు. ఏడాది తిరిగేసరికి పది లక్షలకు పైగా ప్రతులు చెల్లాయి.

ఈ సంఖ్య చూసి కళ్లు జిగేలుమనడం సహజం. కాని తరువాత జరిగినది వినవలసిన మాట. పాఠకులు మెచ్చుకుంటూనే పుస్తకాల్లోని భాషాదోషాలను ఎత్తిచూపారు. ఆమె సొంత డబ్బుతో దిద్దేవారిని పెట్టుకున్నా తప్పులు పూర్తిగా పోలేదు. ఉత్తరాలకు జవాబులు, అట్ట బొమ్మలు, పుటల కూర్పు, వీటితోనే వారమంతా గడిచి, రాయడానికి సమయం చిక్కడం లేదని ఆమే వాపోయింది. 2011లో ఒక పెద్ద సంస్థతో నాలుగు పుస్తకాలకు ఇరవై లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నది. స్వతంత్రంగా ప్రచురించడమంటే పని తగ్గడం కాదు. ప్రచురణకర్త పని కూడా రచయిత్రి నెత్తినే పడడం. ప్రూఫులు చూసేవారూ, అట్ట వేయించేవారూ, లెక్క రాసేవారూ అంతా ఒక్కరే. తప్పు దొర్లితే నెట్టివేయడానికి మరొకరు ఉండరు.

మన పూర్వులకు ఇది కొత్త కాదు. చందాదారులను కూర్చుకొని సొంతంగా అచ్చువేయించుకున్న తెలుగు రచయితలు చాలామంది. అమ్ముడుపోని ప్రతులు అటక మీద చెదలపాలైన ఇళ్లూ ఉన్నాయి. ఇప్పుడు అడిగినన్ని ప్రతులే అచ్చువేసి ఇచ్చే యంత్రాలు వచ్చాయి గనుక ఆ నష్టం తగ్గింది. 2014లో బెంగుళూరులో మొదలైన ‘ప్రతిలిపి’ వంటి చోట తెలుగు కథను భాగాలుగా వెలువరించుకోవచ్చును. చదివినవారి అభిప్రాయం వెంటనే తెలుస్తుంది.

భాగాలుగా చెప్పేవారికి మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ ఆదర్శం. మణిసిద్ధుని వెంట కాశీకి బయలుదేరిన గోపకుమారుడు ఊరికే రాలేదు. దారిలో తనకు కనిపించిన వింతలకు కథ చెప్పాలని షరతు పెట్టి వచ్చాడు. ప్రతి మజిలీలోనూ ఏదో వింత చూసి అడుగుతాడు. సిద్ధుడు ఆ కథ చెప్పి, ప్రశ్నకు జవాబిచ్చి, తరువాత మజిలీకి నడిపిస్తాడు. పాఠకుడు ఆ గోపకుమారుడే. రేపటి మజిలీ మీద ఆశ పుట్టించడం వేరు, నేటి మజిలీలో అన్నం పెట్టకుండా నడిపించడం వేరు. పూర్తి నవల అని అట్ట మీద వేసి, చివరి పుటలో “రెండవ భాగం కొనండి” అని ముగించడం మోసం. ప్రేమకథ అని చెప్పి భయం మాత్రమే అమ్మడం కూడా మోసమే. బంధువుల చేత పొగడ్తలు రాయించి పాఠకుల మాటలుగా చూపడం అన్నిటికంటె నీచం.

పేరు కోసం తొందరపడేవారికి ఒక మాట. మన చెన్నపట్నంలోనే 1947 జూలైలో మొదలైన ‘చందమామ’లో తోకచుక్క, రాకాసిలోయ వంటి ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు ఆ కథల మీద ఉండేది కాదు. పిల్లలు ఆ పత్రిక కోసం ఎదురుచూచినది పేరు చూసి కాదు, కథ చూసి. రాసినవారు ఎవరో పెద్దయ్యాక తెలుసుకొని నమస్కరించినవారు ఎందరో!

ఇక సోదరి అడిగిన రెండవ ప్రశ్న: చదివేది ఎవరు? ఇదే మాకు బాధ కలిగించే ప్రశ్న. మన ఇళ్లల్లో తెలుగు వినబడుతున్నది; కనబడడం తగ్గింది. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక బడిలో మన అక్షరాలకు చోటు ఇంకా ఇరుకైనది. తమిళం నేర్వడం మంచిదే, ఈ నేల అన్నం తింటున్నాము. కాని తంగసాలై వీధిలో తెలుగులో బేరమాడే అబ్బాయి తెలుగు బోర్డు చదవలేకపోతున్నాడు. అటువంటి పిల్లవానికి నీతిశతకం చేతికిస్తే పారిపోతాడు. మేడ మీది గదిలో అద్దంలో కనిపించే అమ్మాయి కథ ఇస్తే, తరువాత ఏమయిందో తెలుసుకోవడానికైనా అక్షరాలు కూడబలుక్కుంటాడు. దయ్యం చేత ఆ మాత్రం ఉపకారం చేయించుకుంటే తప్పేమున్నది?

కనుక సోదరీ, రాయండి. అచ్చుకు ముందు కథను మీ నాయనమ్మగారికి పైకి చదివి వినిపించండి. ఆమె “ఆ తరువాత?” అని అడిగిన చోటు నిలుపుకోండి, కునికిపాటు పడిన చోటు కొట్టివేయండి. బడిలో తమిళమో ఇంగ్లీషో చదివిన ఇంటి పిల్లవాని చేత ఒక పుట చదివించండి. అతడు తట్టుకొని ఆగిన మాటను తేలిక చేయండి. ప్రూఫులు మీరు రెండుసార్లు, తెలుగు బాగా వచ్చిన మరొకరు ఒకసారి చూడాలి. మొదట కొద్ది ప్రతులే వేయించండి. కోటిమంది సంగతి తరువాత. మన వీధుల్లో పదిమంది మీ రెండవ పుస్తకం ఎప్పుడని అడిగితే, మొదటి పుస్తకంలో మీరు మాట తప్పలేదని అర్థం.