పెరట్లో ఇంత చోటిస్తే ఎలుకకు కాపలా పెట్టినట్టే

వరి పొట్టకొచ్చే సమయానికి ఎలుక పడుతుంది. ఒడ్డు పక్కన నాలుగు సాళ్లు వదిలేసి మడి మధ్యలో గుండ్రంగా కొరికేస్తుంది. గెట్టు మీద నిలబడి చూసే రైతుకు పైరు పచ్చగానే కనిపిస్తుంది. కోత మిషన్ దిగినాక గాని ఎంత పోయిందో తెలియదు. ఎలుక తినేది కొంతే, కొరికి పడేసేది ఎక్కువ. తినగా మిగిలిన వెన్నులను బొరియలోకి లాక్కుపోయి దాస్తుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఏ ఊరి మీటింగుకు పోయినా మద్దతు ధర, తరుగు పేరుతో కోత, కరెంటు గురించి మాట్లాడుకున్నాక వచ్చే మాట ఎలుకలే. వానకు పోయిన పంటకు, వడగండ్లకు రాలిన పంటకు పరిహారం అడుగుతాం. వచ్చినా రాకున్నా అడగడానికి ఒక దారి ఉంది. ఎలుక కొరికిన పంటకు పరిహారం అందుకున్న రైతును మాత్రం మేము ఇంతవరకు చూడలేదు. మందు ఖర్చు, బుట్టలు పెట్టేవాళ్ల కూలి, పోయిన వడ్లు, మూడూ రైతు మీదే పడుతున్నాయి.

అందుకే ఈ నెల ఒక చిన్న సంగతి మాట్లాడదలిచాం. చూడడానికి చిన్నదే గాని పైసలతో, పంటతో ముడిపడినది. ఎలుకను తిని బతికే జీవాలకు మన పెరట్లో, పొలం మూలన ఇంత చోటివ్వడం గురించి.

కూలి అడగని కాపలాదారులు

ఎలుక మూడు వారాల్లో ఈనుతుంది. ఒక్కో ఈతకు ఐదు నుంచి పది పిల్లలు. ఆ పిల్లలు మూడు నాలుగు నెలల్లో మళ్లీ పిల్లలు పెడతాయి. ఈ లెక్కలో ఒక జత ఎలుకలు బతికినా పంటకాలం తిరిగేసరికి చేను నిండుతుంది. అయినా మన తాతల కాలంలో ఎలుక చేను మొత్తం పట్టిన మాట అరుదు. కారణం, దాన్ని తినే జీవాలు చేను చుట్టూ ఉండేవి.

గుడ్లగూబ రాత్రికి రెండు మూడు ఎలుకలు పడుతుంది. గూట్లో పిల్లలుంటే ఇంకా ఎక్కువ. నమ్మనివాళ్లు ఒక పని చేయండి. గుడ్లగూబ ఉండే చెట్టు కిందనో, పాడుబడ్డ గోడ కిందనో బొటనవేలంత నల్లటి ఉండలు పడి ఉంటాయి. అరగని వాటిని అది కక్కిన ఉండలవి. నీళ్లలో వేసి విప్పి చూస్తే లోపల ఎలుక వెంట్రుకలు, పుర్రెలు, దవడలు కనిపిస్తాయి. బడి పిల్లలకు చూపించండి, ఏ పుస్తకం కన్నా బాగా తెలుస్తుంది.

జెర్రిపోతు బొరియలోకే దూరి ఎలుకను పట్టే పాము. దానికి విషం లేదు. నాగుపాముతో జతకడుతుందని, తోకతో కొడితే మనిషి చస్తాడని చెప్పుకునేవన్నీ కట్టుకథలు. ముంగిస ఎలుకనూ తింటుంది, పామునూ పడుతుంది. ఉడుము పురుగులు, ఎలుక పిల్లలు తింటుంది. పైడికంటి మిడతలనూ చిట్టెలుకలనూ ఏరుకుంటుంది. ఇక కప్ప. మడిలో పురుగును తినే జీవాల్లో కప్పది పెద్ద పీట. ఒకప్పుడు మన దేశం కప్ప కాళ్లను టన్నుల కొద్దీ విదేశాలకు అమ్మింది. కప్పలు పోతే పురుగు పెరుగుతుందని తెలిసి 1987లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది. అంటే ఈ జీవాల విలువ సర్కారుకు తెలియనిది కాదు.

ఇండ్లు పోయిన జీవాలు

ఈ జీవాలు ఎక్కడికి పోయాయి? వాటి ఇండ్లు పోయాయి.

1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చెలకలు మాగాణి అయ్యాయి. సూర్యాపేట దిక్కు మూసీ కింద, తర్వాత ఎస్సారెస్పీ రెండో దశ కాలువల కింద వరి పెరిగింది. నీళ్లు రావడం మన బతుకును నిలబెట్టింది, అందులో వాదన లేదు. కానీ ఎకరం అరెకరంగా పంచుకుంటూ వచ్చేసరికి గెట్టు సన్నబడింది. గెట్టు మీది తుమ్మ, వావిలి, పరికి కంప, కిత్తనార పోయాయి. మోటబావులు పూడ్చారు. వాటి గోడల బొక్కల్లో గూబలు పిల్లలు పెట్టేవి. పెంకుటిండ్లు, చావిళ్లు పోయి స్లాబులు వచ్చాయి. పశువులు తగ్గాయి, గడ్డివాములు తగ్గాయి. కోత మిషన్ వదిలిన గడ్డిని తీయించడానికి కూలి గిట్టుబాటు కాక, నీళ్లు వదిలేలోపు నారు పోయాలనే తొందరలో నిప్పు పెడుతున్నారు. ఆ నిప్పు మడిలో ఆగదు. గెట్టు మీద తాటిచెట్టు మొదలును పట్టుకుంటుంది. ఎండాకాలం ఈ మూడు పట్టణాల మధ్య ఏ దారిన పోయినా నల్లగా మాడిన తాళ్లు కనిపిస్తాయి. గీత కార్మికుడి ఉపాధి దాంట్లోనే కాలుతోంది. ఆ తాటి తొర్రలో ఉన్న పైడికంటి గూడూ కాలుతోంది. బొరియ లోపల లోతుగా ఉన్న ఎలుక మాత్రం బతికిపోతుంది.

ఇది మన ఒక్కరి కథ కాదు. ఇంగ్లండులో హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్లజీవి ఉంది. మన ఏదుపందిలా ఒళ్లంతా ముళ్లు గాని జాతి వేరు, చిన్న దేహం, పురుగులు నత్తలు తిని బతుకుతుంది. ఇలాంటిదే ఒకటి మన దక్షిణాన తమిళనాడు మెట్ట నేలల్లోనూ ఉంది. హెడ్జ్ అంటే పొలం చుట్టూ పెంచే కంప. ఆ కంపలో బతుకుతుంది కాబట్టి ఆ పేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద యంత్రాలు తిరగాలని అక్కడి సర్కారు ఆ కంపలు తీసేయడానికి రైతులకు డబ్బిచ్చింది. కంపలు పోయాయి, పల్లెల్లో ఆ జీవి తగ్గిపోయింది. ఇప్పుడు అదే సర్కారు కంపలు మళ్లీ నాటమని డబ్బిస్తోంది. ఇండ్లవాళ్లు పెరట్లో కట్టెల కుప్ప, ఎండుటాకుల కుప్ప వేసి, గోడ కింద చిన్న సందు వదిలి దానికి దారి ఇస్తున్నారు. తీయించడానికి ఒకసారి, నాటించడానికి ఒకసారి ఖర్చు పెట్టే కన్నా ఉన్నదాన్ని కాపాడుకోవడం నయం కదా!

మందు రెండోసారి కూడా చంపుతుంది

ఎలుక మందు అసలే వద్దని మేము చెప్పడం లేదు. చేను పోతుంటే చూస్తూ ఊరుకొమ్మని ఏ రైతుకూ చెప్పలేం. కానీ మందు ఎట్లా పనిచేస్తుందో తెలిసి వాడాలి.

జింక్ ఫాస్ఫైడ్ నల్లపొడి ఎలుక కడుపులో విషవాయువుగా మారి చంపుతుంది. కొంచెం తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు. అందుకే మందు లేని నూకలు ఒకటి రెండు రోజులు ముందు అలవాటు చేయాలని చెబుతారు. అదే ఎరను కోడి తిన్నా, కుక్క తిన్నా చస్తాయి. బ్రోమడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు తూలుతూ బయట తిరుగుతుంది. గుడ్లగూబకు అంత సులువుగా దొరికే ఎర ఇంకోటి ఉండదు. దాన్ని తిన్న గూబ ఒంట్లోకి ఆ విషం పోతుంది. గూబ ఏడాదికి పెట్టేది కొద్ది పిల్లలే, ఎలుక వారాల్లో పెరుగుతుంది. చివరికి ఎలుకలు మిగులుతాయి, కాపలాదారు పోతాడు. వచ్చే ఏడు మందు ఇంకో ప్యాకెట్ ఎక్కువ కొనాలి.

ఇక ఫోరేట్ గుళికలను 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధించారు. ఎవరైనా అమ్మజూపితే కొనొద్దు, సంఘానికి చెప్పండి. ఏ మందైనా ఇంట్లో పిల్లలకు అందేచోట, మనసు బాగాలేని మనిషికి అందేచోట ఉంచొద్దు. ఈ మాట ఎందుకు చెబుతున్నామో మన ఊళ్లలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఏం చేయాలి

పొలం గెట్లు సన్నగా, శుభ్రంగానే ఉంచాలి. లావాటి గెట్టులో ఎలుక బొరియ పెడుతుంది. మనం చోటివ్వాల్సింది వేరే దగ్గర. పెరట్లో వెనుక మూలనో, పొలంలో బోరు మోటారు దగ్గరో, కాలువ గట్టు పక్కనో పది అడుగుల జాగా చాలు.

అక్కడ రాళ్లు, మొద్దులు, కొమ్మలు కుప్పగా వేసి కదిలించకుండా వదిలేయండి. ఉడుముకు, ముంగిసకు, కప్పకు అదే ఇల్లు. పక్కన ఒక గుంత తీసి నీళ్లు నిలవనిస్తే ఎండాకాలం కప్ప బతుకుతుంది. నీళ్లలో కప్ప పిల్లలుంటే దోమ పిల్లలను కూడా కొంత తింటాయి. దోమ ఎక్కువనిపిస్తే నీళ్లు తీసి మళ్లీ నింపండి.

గెట్టు మీద తాటిచెట్టు, తుమ్మ, వేప, మర్రి ఏదున్నా కొట్టొద్దు. తొర్ర పడిన ముసలి చెట్టు కలపకు పనికిరాదు గాని గూబకు అదే బంగళా. చెట్టు లేనివాళ్లు చెక్క పెట్టె కట్టొచ్చు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, ముందు వైపు ఆరంగుళాల రంధ్రం. వానజల్లు కొట్టని దిక్కుకు తిప్పి, పది పదిహేనడుగుల ఎత్తున షెడ్డు గోడకో చెట్టుకో బిగించాలి. పాత చెక్కతో ఊరి వడ్రంగి సగం రోజులో చేస్తాడు. ఏడాదిపాటు గూబ రాకపోయినా తీసేయొద్దు, చోటు నమ్మకం కుదరాలి. వరి పిలకేసే కాలంలో మడిలో అక్కడక్కడా టి ఆకారపు కర్రలు పాతితే రాత్రి గూబ, పగలు పాలపిట్ట వాలుతాయి. ఈనే సమయానికి ఆ కర్రలు తీసేయాలి, లేకుంటే గింజ తినే పిట్టలు వాలతాయి.

మలేసియాలో పామాయిల్ తోటల రైతులు 1980ల నుంచి గుడ్లగూబ పెట్టెలు పెడుతున్నారు. ఇజ్రాయెల్‌లో ఆ కాలంలోనే మొదలైన ఈ పని తర్వాత జోర్డాన్, పాలస్తీనా పొలాలకూ పోయింది. ఒకరితో ఒకరికి పడని దేశాలు కూడా గూబ విషయంలో ఒక్కమాట మీదికి వచ్చాయి. మన జిల్లాలో ఇప్పుడు ఆయిల్‌పామ్ నాటిస్తున్నారు. లేత మొక్క మొవ్వును ఎలుక కొరికేస్తుంది. ఆ తోటల్లో ఈ పని మొదటి ఏడు నుంచే మొదలుపెట్టాలి.

గూబలు ఒక్కటే ఎలుకలన్నిటినీ తుడిచిపెట్టవు. పైరు చిన్నగా ఉన్నప్పుడే, ఊరంతా ఒకేసారి కదలాలి. సాయంత్రం బొరియలన్నీ మూసి, తెల్లవారి తెరిచి ఉన్నవాటిలోనే పొగబెట్టాలి. బుట్టలు పెట్టేవాళ్లకు ఆ కాలంలోనే పని ఇవ్వాలి. ఒక్కడు చేస్తే ఎలుక పక్క మడిలోకి పోయి వారంలో తిరిగొస్తుంది.

మీరు అడగబోయే మాటలు

పాములొస్తాయి కదా అంటారు. నాగుపాము, రక్తపింజర వచ్చేది ఎక్కువగా ఎలుక కోసమే. వడ్ల బస్తాలు, ఎలుకలు ఇంట్లో ఉన్నంతకాలం పాము ఇంటికే వస్తుంది. కాబట్టి కొమ్మల కుప్ప ఇంటికి, బావి దారికి, పిల్లలు ఆడేచోటికి దూరంగా ఉండాలి. రాత్రి నీళ్లకు పోయేటప్పుడు లైటు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. కాటు పడితే కోయొద్దు, తాడుతో బిగించొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. కాలూ చెయ్యీ కదలకుండా ఉంచి 108లో సర్కారు దవాఖానకు పోవాలి.

ముంగిస కోడిపిల్లను ఎత్తుకుపోతుంది, నిజమే. రాత్రి కోళ్లను గంప కిందనో గూటిలోనో మూయాలి. గూబ ఇంటి మీద వాలితే కీడంటారు. మరి లక్ష్మీదేవి వాహనం కూడా గూబే అంటారు. వడ్లను కాపాడేది లక్ష్మి కాక ఇంకేమిటి? క్షుద్రపూజల పేరుతో గూబలను పట్టేవాళ్లు, కూర కోసం ఉడుమును, కుంచె వెంట్రుకల కోసం ముంగిసను వేటాడేవాళ్లు ఊళ్లోకి వస్తే అటవీశాఖకు చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

కౌలు రైతు మాట కూడా చెప్పాలి. చెట్టు ఉంచాలా కొట్టాలా అనేది అతని చేతిలో లేదు. ఏడాదికోసారి మారే కౌలులో గెట్టు మీద మొక్క ఎవరు నాటుతారు? పట్టాదారు, కౌలుదారు కూర్చుని గెట్టు చెట్లు కొట్టకూడదని మాట పెట్టుకోవాలి. కౌలు గుర్తింపు కార్డు కోసం మనం చేస్తున్న పోరాటంలో ఇదీ ఒక భాగమే.

సర్కారును అడగాల్సింది

రైతు పది అడుగుల జాగా ఇవ్వగలడు. మిగతాది వ్యవస్థ చేయాలి. గడ్డి మోపులు కట్టే బేలర్లు మండలానికి సరిపడా తక్కువ అద్దెకు ఇస్తే నిప్పు దానంతటదే ఆగుతుంది. గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు గూబ పెట్టెలను తమ పొలాల్లో పెట్టి రైతులకు చూపాలి. మారుటేరు వరి పరిశోధనా స్థానంలో ఎలుకల మీద జరిగిన పనిని మన మండలాలకు తెలుగులో, కరపత్రాలుగా తేవాలి. కాలువ గట్ల మీద, చెరువు శిఖం పక్కన ఉపాధి పనుల్లో తాటి, వేప, వావిలి నాటించాలి. ఎలుకల నిర్మూలన ఊరంతా ఒకే వారంలో జరిగేట్టు వ్యవసాయ విస్తరణ అధికారి తేదీ పెట్టి, ఖర్చు సర్కారు భరించాలి. ఎలుక కొరికిన పంటను నష్టం లెక్కల్లో చేర్చాలి.

ఈ డిమాండ్లతో వినతిపత్రం రాసి పెట్టాం. ప్రతి గ్రామ శాఖ సంతకాలు తీసుకుని మండల వ్యవసాయ కార్యాలయంలో ఇవ్వాలి. దాంతోపాటు యాసంగి నాట్లకు ముందే ఊరికి కనీసం రెండు గూబ పెట్టెలు, ఒకటి బడి దగ్గర, ఒకటి పొలంలో, కట్టించండి. ఎన్ని గూబలు చేరాయో, మందు ఖర్చు ఎంత తగ్గిందో కోతలయ్యాక లెక్క పంపండి. ఆ లెక్కలు పట్టుకునే కలెక్టర్ల దగ్గరికి పోదాం.