పేట కబుర్లు – 14 : ఫైలు మీద ఎర్ర గుర్తు



మా నాయనమ్మ మంత్రసాని. కోనసీమలో కామందుల ఇళ్ళ నుంచి అర్ధరాత్రి కబురొస్తే పెరటి గుమ్మం గుండా వెళ్ళేది. బొడ్డు కోసేది, మాయ పాతిపెట్టేది, నెత్తుటి గుడ్డలు ఉతికేది. పురిటి స్నానం అయిపోయాక ఆ ఇంటి అరుగెక్కడానికి లేదు. ఆమెకి గ్లవ్స్ ఇచ్చినవాడు లేడు. ఆ నెత్తుట్లో ఏముందో చెప్పినవాడూ లేడు.

మొన్న నా దగ్గర డిగ్రీ చదివిన అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళ వదినకి హెచ్‌ఐవి పాజిటివ్, నెలలు నిండాయి. ఒక ఆసుపత్రిలో ఫైలు మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, వరండాలో కూర్చోబెట్టి, "కిట్లు లేవు, ఇంకోచోటకి పొండి" అన్నారట. "మేడమ్, మా లంకలో పురుడు పోసే ముసలమ్మ ఉంది. ఇంట్లోనే కానిచ్చేద్దామా?"

వద్దన్నాను. మా నాయనమ్మ మీద గౌరవం ఉండే వద్దన్నాను. ఏ మందూ లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకి తల్లి నుంచి వైరస్ సోకుతుంది. తల్లి ఏఆర్‌టీ మాత్రలు మానకుండా వాడి, బిడ్డకి పుట్టగానే నెవిరపిన్ మొదలుపెడితే అది 5 లోపుకి దిగుతుంది. హెపటైటిస్-బి తల్లి అయితే బిడ్డకి 24 గంటల్లోపు టీకా పడాలి. వరదొచ్చి పడవ ఆగిపోతే లంకలో ఆ టీకా ఎవరు తెస్తారు? అదీగాక, పొలం పనికి పగిలిన ఆ ముసలమ్మ వేళ్ళు! ఆమెది ప్రాణం కాదా?

కానీ "ఇంకా ఇళ్ళల్లో కంటున్నారా, మూఢత్వం" అని వెక్కిరించే పెద్దమనుషులకి ఒక మాట. ఆమె ఆసుపత్రికొచ్చింది. గెంటింది మీరు. ఎవరి రక్తాన్నైనా సోకిన రక్తంలాగే జాగ్రత్తగా ముట్టుకోవాలన్నది నర్సింగ్‌లో మొదటి పాఠం. అది పాటించేచోట ఎర్ర గుర్తుతో పనేముంది? గుర్తు పెట్టారంటే మిగతా కాన్పులకి జాగ్రత్తలు తీసుకోవట్లేదని మీరే ఒప్పుకున్నట్టు. ఇది వైద్యం కాదు, మైల. మా పేటకి బాగా తెలిసిన మైల.

2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. పాజిటివ్ అని వైద్యం నిరాకరించడం చట్టవిరుద్ధం. సిబ్బందికి రక్షణ సామగ్రి ఇవ్వాల్సింది కూడా ఆసుపత్రే. కిట్లు లేకపోతే ఆ అమ్మ తప్పెలా అవుతుంది?

2005లో జననీ సురక్ష యోజన వచ్చాక ఆసుపత్రి కాన్పే కాన్పన్నారు, మంత్రసానిని పక్కనపెట్టారు. 2018లో కేంద్రం నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ అంది. మంచిదే. అందులో మన పేట ఆడపిల్లలు ఎందరుంటారు? లంకలకి దగ్గర్లోని పీహెచ్‌సీల్లో వాళ్ళని ఎప్పుడు వేస్తారు? విద్యార్థి సంఘాలు అడగాల్సింది ఇది.

మర్నాడు చట్టం కాపీ పట్టుకుని ముగ్గురం వెళ్ళాం. గంటన్నర వాదించాక చేర్చుకున్నారు, వార్డులో చివరి మంచం ఇచ్చి. ఎర్ర గుర్తు అలాగే ఉంది. అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు రాస్తున్నాం.