చెట్లు లేని ఊళ్లో కల్లు

మా పాలమూరులో నీళ్ల లెక్క రాని మనిషి ఉండడు. గద్వాలలో టీ కొట్టు దగ్గర నిలబడి ఎవరినైనా కదిలించండి. రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కింద మనకు రావలసినవి 15.9 టీఎంసీలు, తడవాల్సిన భూమి 87,500 ఎకరాలు, నీళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయి, ఎవరి పాపం అది, అంతా గ్లాసు ఖాళీ అయ్యేలోపు చెప్పేస్తారు. వనపర్తిలో అడిగితే జూరాల వాటా 17.84 అంటారు. నాగర్‌కర్నూల్ మనిషైతే కల్వకుర్తి ఎత్తిపోతలకు మొదట రాసింది 25, తర్వాత 40 చేశారని లిఫ్టు లిఫ్టుకూ పేరు పెట్టి మరీ వివరిస్తాడు. కృష్ణ, తుంగభద్ర రెండూ ఇంటి ముందు నుంచే పోతుంటే గొంతు తడవక బొంబాయి బస్సెక్కిన జిల్లా మాది. లెక్క అడగడం కరువే నేర్పింది మాకు.

ఆ మేమే, మా ఊరి కల్లు దుకాణాన్ని ఒక్కనాడూ లెక్క అడగలేదు.

నేను బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. చివరి పన్నెండేళ్లు వనపర్తికి దగ్గర్లోని ఒక ఊళ్లో గడిచాయి. ఊరి పేరు రాయను. ఆ జాగాలో మీ ఊరి పేరు రాసుకున్నా పెద్దగా తేడా రాదు. 2016 అక్టోబరులో ఉమ్మడి జిల్లాను పంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అని వేరువేరు కలెక్టరేట్లు పెట్టారు గాని, అలవాట్లను ఎవరూ పంచలేదు. అవి ఇప్పటికీ ఉమ్మడి ఆస్తే.

బస్సు దిగి బడికి నడిచే దారిలో చెరువుకట్ట కింద ఈతచెట్లు పద్దెనిమిది, గట్టు మీద తాళ్లు ఏడు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఒకసారి మూడో తరగతి పిల్లలను బయటికి తీసుకుపోయి కూడికలు నేర్పడానికి వాటిని లెక్కపెట్టించాను. పద్దెనిమిదీ ఏడూ ఎంతరా అంటే ఇరవై ఐదు సార్ అని అరిచారు. అదే సమయానికి మా పక్కనుంచే ఆటో పోయింది, దుకాణానికి క్రేట్లు వేసుకుని. క్రేటుకు పన్నెండు సీసాలు. ఈతకు ఒక కాలం, తాటికి ఒక కాలం ఉంటుంది. ఆ ఆటోకు కాలం లేదు. వానలైనా ఎండలైనా అన్నే క్రేట్లు. ఇరవై ఐదు చెట్లు, అందులో గీసేవి సగం కూడా లేవు, ఊరు ఊరంతా తాగేంత కల్లు ఎక్కడినుంచి వస్తున్నదన్నది మూడో తరగతి లెక్కే. పిల్లలు చేసిన కూడిక పక్కన రెండో వరుస వేసి చూపించాల్సింది నేను. చూపించలేదు.

తెలియక కాదు. 'మందు కల్లు' అనే మాట మా దగ్గర ఎవరూ చెవిలో చెప్పుకోరు, పైకే అంటారు. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం అని మందుల పేర్లు తెలిసినవాళ్లూ ఉన్నారు, తెలియనివాళ్లు పౌడర్ అంటారు. తీపికి శాక్రిన్. చెట్టు మీది నుంచి దించిన కల్లు పుల్లగా ఉండి నాలుక మీద నిలుస్తుంది. దీనికి రుచి అక్కర్లేదు. తాగినవాడు గంటలో పడుకోవాలి, పొద్దున మళ్లీ దాని కోసమే లేవాలి, అంతే. చంటిపిల్లలు ఏడవకుండా నాలుగు చుక్కలు నోట్లో పోసే తల్లులను కూడా చూశాను. చూసి, పాపం, కూలికి పోవాలి కదా అని నాకు నేనే వాళ్ల తరఫున జవాబు చెప్పుకున్నాను.

2015 సెప్టెంబరులో సర్కారు కల్తీ మీద దాడులు మొదలుపెట్టింది. మందు ఆగింది. ఆ తర్వాత వారం పది రోజులు ఎవరూ మరిచిపోలేరు. నిజామాబాద్, మెదక్, మా పాలమూరు, ఎక్కడ చూసినా ఆస్పత్రుల్లో మంచాలు చాల్లేదు. వణుకు, ఫిట్స్, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి మనుషులను బండ్లలో తీసుకుపోయారు. ఆ రోజుల్లోనే ఐదో తరగతి పిల్ల ఒకతె రెండు దినాలు రాక, మూడోనాడు వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. ఎందుకు రాలేదమ్మా అంటే, "సార్, మా అమ్మ గోడతోటి మాట్లాడుతుంది" అన్నది.

మధ్యాహ్నం వాళ్లింటికి పోయాను. ఆమె వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని ఒకదానితో ఒకటి పట్టుకుంటున్నది, అయినా ఆగడం లేదు. చీర కొంగు మీద చీమలున్నట్టు దులుపుతున్నది. చీమలు లేవు. నన్ను గుర్తుపట్టింది, లేవబోయింది, లేవలేకపోయింది. "పొద్దంతా నాటేసి వస్తే నడుం ఇరిగిపోతది సార్. ఒక్క సీసా తాగి పండుకుంటుంటి. ఇప్పుడు కన్ను మూతపడ్తలేదు" అన్నది. ఒక్క సీసానే. ఆమె తాగుబోతు కాదు. నిద్రమాత్ర మింగుతున్నానని తెలియకుండా ఏళ్ల తరబడి మింగిన మనిషి. మందుల దుకాణంలో డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడని మందును ఆమె రోజూ ఊరి నడిబజారులో, అందరం చూస్తుండగా, డబ్బులిచ్చి కొనుక్కుంది.

ఆ సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు పెద్దమనుషులు కూర్చున్నారు. పంతులు కాబట్టి నాకూ కుర్చీ వేశారు. ఇలాంటి మందు ఒక్కసారిగా ఆగితే ప్రాణానికే ప్రమాదం, డాక్టరు అదే జాతి మందు ఇచ్చి వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. ఆ సంగతి ఆ మధ్యాహ్నమే ఫోనులో ఒక డాక్టరు నాకు చెప్పాడు. బండి మాట్లాడి అందరినీ జిల్లా ఆస్పత్రికి పంపుదామని, నెల రోజులు వంతులేసుకుని తోడుందామని అనాలనుకున్నాను. ఎవరో ముందే అన్నారు: "కొంచెమన్న కలిపిన కల్లు తెప్పియ్యుండ్రి, మనుషులు సస్తున్నరు." అందరూ తలలూపారు. నా తల కూడా ఊగింది. అప్పటికి అదే దయ అనిపించింది. దయ పేరుతో సులువైన దారి పట్టడం మాకు కొత్త కాదు. కొన్నాళ్లకు ఆటో మళ్లీ వచ్చింది, ఆ తల్లి మళ్లీ నాట్లకు పోయింది, పిల్ల మళ్లీ బడికి వచ్చింది. అంతా సర్దుకుందని హాజరుపట్టీలో టిక్కు పెట్టాను.

కల్లు దగ్గరే ఆగితే తప్పును దుకాణం మీదికి నెట్టి తప్పించుకోవచ్చు. మా పళ్లేనికి వస్తే నెట్టడానికి కూడా ఎవరూ లేరు.

నా చిన్నప్పుడు ఇంట్లో వరన్నం అంటే పండుగకో, జ్వరానికో. మిగతా రోజులు జొన్నరొట్టె, గట్క, పుంటికూర, ఎల్లిపాయ కారం. మా అవ్వ, మా నాయినను కన్నతల్లి, బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోసేది కాదు. అందుకే 1983లో ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు ఆమె ఏడ్చింది. ఆ ఏడుపును ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. ఆకలి తీర్చిన బియ్యం అది. తర్వాత కాలువలొచ్చాయి, మోటార్లొచ్చాయి. కొల్లాపూర్ దగ్గర శ్రీశైలం వెనకనీళ్లను ఎత్తిపోసే కల్వకుర్తి పథకం రెండో లిఫ్టు ఉన్న చోటు పేరు జొన్నలబొగుడ. పేరులో జొన్నలు మిగిలాయి. ఆ నీళ్లు పారే పొలాల్లో జొన్నను వెతుక్కోవాలి.

జొన్న ఒక్కటే పోతే పోనీ అనుకోవచ్చు. జొన్నచేనులో సాళ్ల మధ్య కంది ఉండేది, అనుములుండేవి, అలసందలుండేవి. జొన్న పోయింది, పప్పు అంగడి సరుకైంది. చొప్ప పోయింది, చొప్ప తినే బర్రె పోయింది, ఇంట్లో చల్ల పోయింది. పళ్లెంలో ఒక మెతుకు మారిందనుకున్నాం, మొత్తం పళ్లెమే మారిపోయింది. మారనిది ఒక్కటే, కుప్ప. తట్టలు మోసి, కాలువలు తవ్వి వచ్చినవాడు తినే కుప్పను, బండి మీద పొలానికి పోయి గట్టున ఫోను పట్టుకుని కూర్చునేవాడూ అంతే ఎత్తున పెట్టించుకుంటున్నాడు. దేశదేశాలు తిరిగి కట్టలు కట్టిన పాలమూరు లేబర్ మనవళ్లం మేము. ఇప్పుడు మా మళ్లలో నాట్లేయడానికి బీహారు నుంచి కూలీలు వస్తున్నారు.

ఇందులో నా వంతు ఉంది. తొంభైల్లో ఒక పిల్లవాడు డబ్బాలో జొన్నరొట్టె తెచ్చుకుని, మూత సగమే తీసి, అటు తిరిగి తింటున్నాడు. "ఏందిరా, ఇంకా రొట్టెలేనా? మీ ఇంట్ల బియ్యం లేవా?" అన్నాను. సరదాకే అన్నాను. తరగతి అంతా నవ్వింది. మర్నాటి నుంచి వాడు అన్నమే తెచ్చుకున్నాడు. నేను చెప్పిన పాఠాల్లో వాడికి బాగా ఒంటబట్టింది అదే కావచ్చు.

ఆ రొట్టె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. రిటైరయ్యే ముందు నాకు షుగర్ బయటపడింది. దేశంలో 10.1 కోట్ల మందికి ఉందని 2023లో ఐసీఎంఆర్ వాళ్ల పరిశోధన తేల్చింది. అంతమందిలో ఒకడినని సంతోషించాలో ఏమో. పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నడిచే మాలాంటి రిటైర్డు వాళ్లం టీఎంసీలు మాట్లాడుకునే గొంతుతోనే, తినకముందు ఎంత, తిన్నాక ఎంత అని మాట్లాడుకుంటాం. సాయంత్రం వనపర్తిలో రోడ్డు పక్కన ఒకామె పొయ్యి పెట్టి రొట్టెలు కొడుతుంది. చేతుల మధ్య ముద్ద గుండ్రంగా తిరిగి, రెండు చరుపులకు పెనమంత అవుతుంది. మా అవ్వ చేతుల చప్పుడే. రొట్టెకు పదిహేను రూపాయలు. బండ్లు ఆపి వరుసలో నిలబడ్డవాళ్లంతా ఆఫీసులవాళ్లు, పంతుళ్లు, వ్యాపారులు, సగంమంది జేబుల్లో మాత్రలు. ఒకరోజు ఆమెను అడిగాను, నువ్వు కూడా రొట్టెలే తింటావా అమ్మా అని. నవ్వింది. "మాకు రేషన్ బియ్యం వస్తయి గద సార్" అన్నది.

దావతుల సంగతి చెప్పకుండా ముగిస్తే దొంగతనం చేసినట్టే. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథ నాకు నోటికి వచ్చు. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన ఆ పోరాటం 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా పోయిందని తరగతిలో చెబుతుంటే నా గొంతు వణికేది. అంత గొంతు ఉన్నవాణ్ణి, మా నాయిన దినాలకు వచ్చిన వాళ్లకు మందు సీసాలు తెప్పించాను. అప్పు చేసి. వద్దందామనుకున్నాను. "సారు పిసినారి అంటరు, మీ నాయిన పేరు పోతది" అన్నాడు చిన్నాయన. చచ్చిపోయినవాడి పేరు నిలబెట్టడానికి బతికున్నవాళ్లకు తాగించాను. తాగినవాళ్లలో పక్క ఊరి పిల్లవాడొకడు రాత్రి బండి మీద పోతూ మలుపులో పడ్డాడు. కాలు విరిగింది, బతికాడు. వాణ్ణి చూడటానికి పండ్లు తీసుకుని పోయాను. ఆ పండ్లు కూడా మర్యాదకే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం తాగుతామని చెప్పారు. మగవాళ్ల లెక్కలో మనకంటే ముందున్నది అరుణాచల్ ప్రదేశ్ ఒక్కటే. నీళ్ల వాటాలో మా జిల్లాకు అన్యాయం జరిగిందని నేను ఇప్పటికీ అంటాను, అది నిజం. ఈ వాటా మాత్రం ఏ ట్రిబ్యునలూ రాసివ్వలేదు. వెనకబడిన జిల్లా అన్న మాటను నలభై ఏళ్లుగా దుప్పటిలా కప్పుకున్నాం. దాని కింద ఏం చేసినా చెల్లింది. కరువు మనల్ని ఇలా చేసిందని చెప్పుకున్నాం, నీళ్లొచ్చాక కూడా అదే చెప్పుకుంటున్నాం.

పోయిన నెల పాత ఊరికి పెళ్లికి పిలిస్తే పోయాను. బస్సు దిగి అదే దారిన నడిచాను. గట్టు మీద తాళ్లు నాలుగు మిగిలాయి. చెరువుకట్ట కింద ఈతచెట్లు ఉన్నచోట ఇళ్లు లేచాయి. దుకాణం ముందు దింపిన క్రేట్లను ఈసారి లెక్కపెట్టాను, పదకొండు. పెళ్లిలో సారు వచ్చాడని ముందు వరుసలో కుర్చీ వేశారు. నా దగ్గర చదువుకున్న పిల్లలు, ఇప్పుడు ఊరి పెద్దమనుషులు, చుట్టూ కూర్చుని పాలమూరు ఎత్తిపోతలకు నీళ్లెన్ని వస్తాయని అడిగారు. చెప్పాను. క్రేట్ల సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.