పాట లేని ఆల్బమ్

బ్రిటిష్ గిటారిస్టు పీటర్ గ్రీన్ తొలి సోలో ఆల్బమ్ ‘ది ఎండ్ ఆఫ్ ది గేమ్’ 1970 చివర్లో విడుదలైంది. ఆరు వాద్య రచనలున్న ఆ ఆల్బమ్‌లో గొంతు ఎక్కడా వినిపించదు. అతను ఫ్లీట్‌వుడ్ మాక్ బ్యాండు నుంచి బయటికొచ్చింది అదే ఏడాది మే నెలలో.

1967లో లండన్‌లో ఆ బ్యాండును నిలబెట్టింది గ్రీనే. పేరు మాత్రం తనది పెట్టుకోలేదు. డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్, బేస్ గిటారిస్టు జాన్ మెక్‌వీల పేర్లు కలిపి పెట్టాడు. శాంటానా బ్యాండు వాయించాక లోకమంతా తిరిగిన ‘బ్లాక్ మ్యాజిక్ వుమన్’ రాసిందీ అతనే. 1969 మొదట్లో ఫ్లీట్‌వుడ్ మాక్ వాయించిన ‘ఆల్బట్రాస్’ బ్రిటన్ చార్టుల్లో అగ్రస్థానానికి చేరింది. డబ్బు పెరిగేకొద్దీ గ్రీన్‌కు అది బరువైంది. సంపాదన అవసరమైనవాళ్లకు పంచేద్దామన్నాడు, తోటివాళ్లు ఒప్పుకోలేదు. ఎల్‌ఎస్‌డీ వాడకం కూడా అప్పటికే అతని మనసును కుదిపేస్తోంది.

సోలో ఆల్బమ్ కోసం ముందుగా రాసుకున్నదేమీ లేదు. స్టూడియోలో టేపు తిరుగుతుండగా తోచినట్టు చాలాసేపు వాయించారు. పియానో జూట్ మనీ, ఆర్గన్ నిక్ బక్, బేస్ అలెక్స్ డ్మొకోవ్‌స్కీ, డ్రమ్స్ గాడ్‌ఫ్రే మెక్లీన్. తర్వాత ఆ టేపుల్లోంచి నచ్చిన భాగాలు కోసి తీశారు. అందుకే ఈ రచనలకు ఆరంభం, ముగింపు స్పష్టంగా ఉండవు. ఎక్కడో నడుస్తున్న సంభాషణ మధ్యలోకి శ్రోత అడుగుపెట్టినట్టుంటుంది. తొమ్మిది నిమిషాల ‘బాటమ్స్ అప్’లో బేస్, డ్రమ్స్ పరుగు మీద గిటార్ వావా పెడల్ గుండా మూలుగుతుంది, అరుస్తుంది. ‘టైమ్‌లెస్ టైమ్’ మాత్రం రెండున్నర నిమిషాల ప్రశాంతత. ‘ఆల్బట్రాస్’లోని ఆ మృదుత్వం ఇంకా గ్రీన్ వేళ్లలోనే ఉందని అది చాలు చెప్పడానికి.

‘ఆల్బట్రాస్’ లాంటి రాగం కోసం ఎదురుచూసినవాళ్లకు ఇది రుచించలేదు. చార్టుల్లోకి ఎక్కలేదు. ఆ తర్వాతి ఏళ్లలో గ్రీన్ మానసిక అనారోగ్యంతో ఆస్పత్రి పాలయ్యాడు కాబట్టి, ఈ ఆల్బమ్‌ను ఆ జబ్బు తొలి ఆనవాలుగా చదివేవాళ్లు చాలామంది. అది అన్యాయం. మతి తప్పిన చేయి ఇంత నిబ్బరంగా ఆగదు, పక్కవాడి బేస్ విని దారి మార్చుకోదు. టేపులో ఏది ఉంచాలో, ఏది వదలాలో ఎంచడం కూడా తెలిసి చేసిన పనే. తనకు పేరు తెచ్చిన బ్లూస్ పాటల బాణీని గ్రీన్ ఇక్కడ కావాలనే పక్కనపెట్టాడు.

రెండో సోలో ఆల్బమ్ ‘ఇన్ ద స్కైస్’ 1979లో గానీ రాలేదు. 2020 జులైలో గ్రీన్ కన్నుమూశాడు. మొదటిసారి వినేవాళ్లు ‘టైమ్‌లెస్ టైమ్’తో మొదలుపెట్టి, ఆ తర్వాత చివరనున్న ‘ది ఎండ్ ఆఫ్ ది గేమ్’ వినడం మంచిది.